ఆదెమ్మ చెప్పిన అంకె

గంట మోగినప్పుడల్లా ఆదెమ్మ “రెండు” అనేది.

మొదటి రోజు ఆమె కూతురు ప్రవళిక ట్రెడ్‌మిల్ మీద నాలుగు నిమిషాలు నడిచింది. ఆదెమ్మ రెండు అంది. ఎనిమిదో రోజు ఇరవై నిమిషాలు నడిచింది. ఆదెమ్మ రెండు అంది. పద్నాలుగో రోజు చేతుల్లో ఇసుక సంచులు పట్టుకుని ముప్పావు గంట నడిచింది. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఆదెమ్మ, మెడ వెనక అంటించిన పట్టీ మీదికి చెంగు లాక్కుని, “రెండేనమ్మా” అంది. ఫిజియోథెరపిస్టు ఇందుమతి ఆ అంకెను గడిలో రాసింది.

నడిచింది కూతురు. అలసట వచ్చింది తల్లికి.

గుంటూరు శివారులోని ఆ ఆసుపత్రిలో క్యాన్సర్ వార్డు వెనక ఒక పొడవాటి హాలు ఉంది. బోర్డు మీద పునరావాస పరిశోధన విభాగం అని ఉంటుంది. రోగులు దాన్ని నడక గది అంటారు. మందులు ఎక్కించడం అయిపోయినా కొందరిని అలసట వదలదు. కండరంలో సత్తువ ఉంటుంది, కానీ పది అడుగులు వేసేసరికి ఇక చాలన్న కబురు మెదడుకు చేరుతుంది. నడవకపోతే కండరం కరుగుతుంది. కరిగితే అసలు నడవలేరు. డాక్టర్ పరాంకుశం పదకొండేళ్లు ఆ కబురు వెంట పడి, మెడ దగ్గర దాన్ని ఆపే పట్టీ ఒకటి తయారుచేశాడు.

పట్టీ అంటించిన మొదటి రోగి రిటైరైన లైన్‌మన్. అతను నవ్వుతూ నడిచాడు, నడుస్తూనే కూలిపోయాడు. మూడు రోజులు ఐసీయూలో ఉండి బయటికొచ్చాక, “ఎప్పుడు ఆగాలో తెలియలేదండీ” అన్నాడు.

అందుకని పరాంకుశం రెండో పట్టీ చేశాడు. మొదటి పట్టీ ఆపిన కబురును ఇది ఫోన్ నెట్‌వర్క్ మీదుగా అందుకుని, ఇంకొకరి మెడలోకి పంపుతుంది. దీన్ని తీసేస్తే మొదటిదీ పనిచేయడం మానేసి, కబురు తిరిగి రోగికే చేరుతుంది. యంత్రానికి ఆ కబురు అందుతుంది గాని అది ఎంత బరువో తెలియదు. అది తెలియాలంటే మనిషే కావాలి. రోగి నడుస్తుంటే తోడుమనిషి కూర్చుని అలుస్తాడు. పది నిమిషాలకోసారీ, నడక ముగిసినప్పుడూ గంట మోగుతుంది. సున్నా నుంచి పది దాకా తోడుమనిషి ఒక అంకె చెప్పాలి. ఏడు అంటే నడక ఆపి, రోగికి గుండె పరీక్ష చేయాలి. క్యాన్సర్ మందుల్లో ఎర్రటిది ఒకటి కొందరి గుండెను దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ బయటపడే మొదటి గుర్తు అలసటే.

తోడుమనిషి నిజం చెప్పాలి. మొత్తం పద్ధతి దాని మీదే నిలబడి ఉంది.

తోడుమనుషులను ఎంచుకునే రోజున ఇందుమతి ఆదెమ్మ భుజం మీద పది కిలోల బియ్యం సంచి పెట్టించి, ఆసుపత్రి మెట్లు ఎక్కించింది. వెంట తనూ ఎక్కింది. నాలుగో అంతస్తు చేరేసరికి ఉత్త చేతులతో ఎక్కిన ఇందుమతే రొప్పుతోంది.

“ఇప్పుడు చెప్పండి. ఎంత?”

“ఏంది ఎంత?”

“అలసట. సున్నా అంటే ఏమీ లేనట్టు. పది అంటే లేవలేనట్టు.”

“ఇదేం అలసటమ్మా. పైనింకా మెట్లుండయ్యా?”

“ఏదో ఒకటి చెప్పాలి.”

ఆదెమ్మ ఆలోచించింది. “నువ్వింత దూరం ఎక్కి అడుగుతున్నావు గాబట్టి, రెండేసుకో.”

ఫారంలో ఇంకో ప్రశ్న ఉంది. ఇందుమతి చదివింది. “మీరు చివరిసారి బాగా అలిసిపోయింది ఎప్పుడు?”

“తీరిగ్గా అలిసిపోయేదెప్పుడమ్మా నేను?” అని ఆదెమ్మ నవ్వింది.

ఇందుమతీ నవ్వింది. ఆ గడిలో ఓర్పు ఎక్కువ, అనుకూలం అని రాసింది. ప్రశ్నకు జవాబు రాలేదన్న సంగతి ఆమెకు తట్టలేదు.

ఆదెమ్మ ముప్పై రెండేళ్లుగా మిర్చికి తొడిమలు తీస్తోంది. కోల్డ్ స్టోరేజీ పక్కన రేకుల షెడ్డులో ఉదయం ఏడుకు గోతం పరుచుకుని కూర్చుంటే సాయంత్రం ఆరుకు లేవాలి. అక్కడ ఒక పద్ధతి ఉంది. నడుం పట్టేసింది అన్న మనిషిని మేస్త్రమ్మ మర్నాడు పిలవదు. తిట్టదు, కారణం చెప్పదు. ఆమె చోట ఇంకొకరు కూర్చుంటారు, అంతే. అందుకని ఆ షెడ్డులో ఎవరూ ఆ మాట అనరు. ప్రవళికను కన్న రోజున కూడా ఆదెమ్మ మధ్యాహ్నం దాకా తొడిమలు తీసి, నీళ్లకు వెళ్లొస్తానని చెప్పి ఆసుపత్రికి వెళ్లింది.

ఇలాంటివేవీ ఫారంలో లేవు. ఇందుమతి అడగలేదు.

*

నడక గదిలో అందరికీ వినోదం చిట్టిబాబు. అతని భార్య సుగుణకు రొమ్ము క్యాన్సర్ వైద్యం పూర్తయింది. పాత గుంటూరులో గాజుల కొట్టు నడిపే చిట్టిబాబు ఆమెకు తోడుమనిషి.

“మేడం, ఆపమనండి! పిక్కలు పీకేస్తున్నయ్! ఎనిమిది! కాదు కాదు, తొమ్మిదేసుకోండి!”

“నేనింకా చెప్పులు గూడా తొడుక్కోలేదండీ” అంది సుగుణ.

“తొడుక్కుందామని వంగావుగా! నాకు తెలియదా? మెడ మీద కూర్చుని చెబుతోంది ఇది!”

ఆదెమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “మగోళ్లకి ఇయ్యి అంటించగూడదమ్మా. ఒక్క పూట మోసేసరికి మంచమెక్కుతారు.”

“నువ్వెట్టా మోస్తున్నావక్కా మరి?” అన్నాడు చిట్టిబాబు, కుర్చీలో వాలిపోయి.

“మోసేదేముందయ్యా. నా బిడ్డదేగా.”

చిట్టిబాబు వల్ల సుగుణ నడక మూడో వారానికి కూడా పన్నెండు నిమిషాలు దాటలేదు. అతను ఏడు దాటినప్పుడల్లా నియమం ప్రకారం ఆమెకు గుండె పరీక్ష చేశారు. నాలుగుసార్లు చేశారు. నాలుగోసారి చిన్న తేడా కనబడితే మాత్రలు మొదలుపెట్టారు. ఆ జంట వల్ల సగటు పాడవుతోందని పరాంకుశం విసుక్కునేవాడు.

“మనకి ఆదెమ్మలాంటి వాళ్లు పదిమంది ఉంటే చాలు, ఇందుమతిగారూ. ఈ పట్టీ దేశమంతా వెళ్తుంది.”

క్యాన్సర్ వైద్యం ముగిసిన రోజున ప్రవళిక గుండెకు పరీక్ష చేశారు. అప్పుడు బాగానే ఉంది. మళ్లీ నలభై రెండో రోజున, ఆఖర్న చేయాలి. మధ్యలో అవసరం రాలేదు, ఎందుకంటే ఆదెమ్మ ఒక్కరోజూ ఏడు చెప్పలేదు.

ప్రవళికకు ముప్పై ఏళ్లు. బస్సు కండక్టర్. మెడ దగ్గర గడ్డలతో మొదలైన క్యాన్సర్ ఏడాదిన్నర తీసుకుంది. ఇంట్లో తల్లీ తనే. నడక మొదలుపెట్టేనాటికి ఆమె సెలవు ముగియడానికి ఆరు వారాలే ఉంది. డిపో వాళ్లు మళ్లీ డ్యూటీ ఎక్కించుకోవాలంటే ఒక బస్సు ట్రిప్పు మొత్తం నిలబడి టిక్కెట్లు కొట్టి చూపించాలి. పక్కన ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. కూర్చుంటే కుదరదు.

“కుదరకపోతే ఏంటి?” అని ఇందుమతి అడిగింది ఒకసారి.

“ఏముంది మేడం, అమ్మ పక్కన ఇంకో గోతం పరుచుకోటమే” అంది ప్రవళిక.

ఆ మాటకు ఆదెమ్మ నవ్వలేదు.

*

మూడో వారం నుంచి పట్టీలు ఇంటి దగ్గర కూడా, మేలుకుని ఉన్నంతసేపూ పెట్టుకోవాలి. ఇరవై ఎనిమిదో రోజు ఇందుమతి వాళ్లింటికి వెళ్లింది. అది కూడా నియమమే.

వాకిట్లో ప్రవళిక బిందెలతో నీళ్లు మోస్తోంది. రెండు చేతులా రెండు బిందెలు. జుట్టు చెవుల దాకా పెరిగింది. ఒంటి మీద కండ పట్టింది. ఇందుమతిని చూడగానే బిందెలు దించకుండానే పలకరించింది.

“రండి మేడం! పొద్దుణ్ణుంచి ఇల్లంతా కడిగా. ఇంటెనకాల బట్టలు గూడా ఉతికేశా. మీరు నమ్మరు, నాకు పెళ్లీడప్పుడు గూడా ఇంత ఊపు లేదు.”

“మీ అమ్మ ఏరీ?”

“లోపలుంది. ఈమధ్య బద్ధకం ఎక్కువైందిలెండి ఆమెకి. నేను పని చేస్తుంటే చూస్తా కూర్చుంటది, మహారాణిలాగా.”

ఆదెమ్మ గోడకు చేరగిలి కూర్చుని ఉంది. ముందు చేటలో మిరపకాయలున్నాయి. చేయి చేటలోనే ఉంది, కదలడం లేదు. కిటికీలోంచి పక్కింటి ఆమె తల పెట్టి, “ఆదెమ్మక్క పనిలోకి వచ్చి పదిరోజులైందమ్మా, ఒంట్లో ఏమన్నా బాగాలేదా ఏంది?” అని అడిగింది.

“నీకెందుకే, నీ పొయ్యి మీద కూర మాడుతోంది చూసుకో” అంది ఆదెమ్మ. గొంతు మాత్రం లేవలేదు.

ఇందుమతి ఆమె ముందు కింద కూర్చుంది. లేచి నిలబడమని అడిగింది. ఆదెమ్మ గోడ పట్టుకుని మోకాళ్ల దాకా లేచి, మళ్లీ కూర్చుంది. చేయి వణుకుతోంది. దాన్ని ఇంకో చేత్తో అదిమిపెట్టింది.

“ఎంత?” అంది ఇందుమతి.

“రెండు.”

“నన్ను చూసి చెప్పండి.”

ఆదెమ్మ వాకిలి వైపు చూసింది. ప్రవళిక బకెట్‌లో నీళ్లు పోస్తూ ఏదో పాడుకుంటోంది. ఆదెమ్మ గొంతు తగ్గించింది.

“ఎనిమిది ఉంటదిలేమ్మా. ఒక్కోపూట తొమ్మిది. నాకు అంకెలు తెలవక కాదు.”

“ఎన్నాళ్ల నుంచి?”

“పదిరోజులై ఉంటది. పెరగతానే ఉంది.”

“మరి రెండని ఎందుకు చెప్తున్నారు?”

“ఏడంటే ఆపుతావుగా. ఆపితే అది దానికి పోయిద్ది. నా దగ్గరుంటే నీకేం నష్టం? నేను మోసుకుంటా. నేనెప్పుడన్నా కాదన్నానా?”

“ఆదెమ్మగారూ, అలసట మీ దగ్గరుంది. కానీ అలిసేది ఆమె ఒళ్లే. లోపల గుండెకు ఏదన్నా అయితే మీకు తెలుస్తుంది, ఆమెకు తెలియదు.”

“తెలుసులేమ్మా” అంది ఆదెమ్మ, చిన్నపిల్లకు సర్దిచెప్పినట్టు. “ఎనిమిది రోజులే. దాని బస్సు అయిపోనీ. ఆ తర్వాత నీ ఇష్టం, నలభై చెబుతా.”

అలసటను నెత్తిన పెట్టుకునే తట్టలాంటిదే అనుకుంది ఆదెమ్మ. ఒకరి నెత్తి మీద ఉంటే ఇంకొకరి నెత్తి మీద ఉండదు. ముప్పై రెండేళ్లు ఆమె మోసినవన్నీ అట్లాంటివే.

ఇందుమతి ఆ సాయంత్రమే పరాంకుశం గదికి వెళ్లి విషయం చెప్పింది. ప్రవళికకు వెంటనే గుండె పరీక్ష చేయాలంది. ఆయన కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు.

“ఆమె ఫారంలో ఎంత చెప్పింది?”

“రెండు. కానీ నాతో ఎనిమిది అంది.”

“ఎప్పుడు? గంట మోగినప్పుడా?”

“కాదండీ. ఇంట్లో.”

“ఇంట్లో మాటలు రాయడానికి గడి లేదండీ. ఏడు చెప్పకుండానే ఒక జంటకి మధ్యలో పరీక్ష చేస్తే ఆ జంటని లెక్కలోంచి తీసేయాలి. మన దగ్గర బాగా నడిచేది ఆ ఒక్క జంటే. వాళ్లని తీసేస్తే మిగిలేదెవరు, ఆ గాజుల కొట్టాయనా?” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆ అమ్మాయిని చూశారుగా. జబ్బు మనిషిలా ఉందా?”

బిందెలు మోస్తున్న ప్రవళిక ఇందుమతికి గుర్తొచ్చింది. లేదు అంది. లేదని అన్నాక వాదించడానికి ఆమె దగ్గర ఇంకేమీ మిగల్లేదు. పై అంతస్తులో గుండె పరీక్ష చేసే టెక్నీషియన్ ఆమె స్నేహితురాలే. ఒక్క ఫోన్ చేసి ఉంటే పది నిమిషాల్లో పరీక్ష అయిపోయేది. ఇందుమతి ఫోన్ చేయలేదు. ఎనిమిది రోజులే కదా అని ఆమె కూడా అనుకుంది.

మర్నాడు గంట మోగింది. ఆదెమ్మ రెండు అంది. ఇందుమతి తలెత్తి ఆమెను చూసింది. ఆదెమ్మ కూడా ఆమెనే చూసింది. ఇందుమతి గడిలో రెండు వేసింది. ఆ తర్వాత ఆరు రోజులూ అలాగే వేసింది.

*

ముప్పై ఆరో రోజు ఉదయం తొమ్మిదిన్నరకు గుంటూరు నుంచి మాచర్ల వెళ్లే బస్సులో ప్రవళిక నిలబడింది. ఆదెమ్మ నడక గదిలో ఉంది. ట్రిప్పు జరుగుతున్నంతసేపూ అంకెలు నమోదు చేయాలని పరాంకుశం పట్టుబట్టాడు. ఆమెను ఆటోలోంచి దింపి లోపలికి తెచ్చింది చిట్టిబాబు. కూర్చోలేకపోతుంటే బల్ల మీద పడుకోబెట్టాడు.

“అక్కా, ఏందిది, నాకంటే ఘోరంగా ఉన్నావు?”

“రాత్రి నిద్ర పట్టలేదయ్యా. దాని బస్సుందని” అంది ఆదెమ్మ.

గంట మోగింది. రెండు. పది నిమిషాలకు రెండు. పదకొండు గంటలకు ఆదెమ్మ కళ్లు మూసుకుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. గంట మోగితే వెంటనే పలకలేదు. ఇందుమతి వంగి ఆమె నోటి దగ్గర చెవి పెట్టింది.

“మూడు” అంది ఆదెమ్మ.

ముప్పై ఆరు రోజుల్లో ఆమె మూడు అనడం అదే మొదలు.

ఇందుమతి పెన్ను కింద పడేసింది. పట్టీ తీసేస్తే నిమిషంలో అలసటంతా ప్రవళిక దగ్గరికి వెళ్లిపోతుంది. ఆగిపొమ్మని ఆమె ఒళ్లే ఆమెకు చెబుతుంది. కానీ ఇన్ని వారాలు తెలియనిది, కదిలే బస్సులో నిలబడ్డ మనిషికి ఒక్కసారిగా తెలిస్తే ఏమవుతుందో ఎవరూ పరీక్షించలేదు. ఇందుమతి చేయి ఆదెమ్మ మెడ దాకా వెళ్లి ఆగింది. ఫోన్ తీసి ప్రవళికకు కలిపి, స్పీకర్ నొక్కింది. ఇంజిన్ చప్పుడు, జనం మాటలు గదిలోకి వచ్చాయి.

“మేడం! పిడుగురాళ్ల వస్తోంది! బస్సంతా నిండిపోయింది, కాలు పెట్టే చోటు లేదు. ఇన్‌స్పెక్టర్ సారే కూర్చున్నాడు, నేను కూర్చోలా!”

“ప్రవళికా, నువ్వు కూర్చో. ఇప్పుడే. ఎక్కడ చోటుంటే అక్కడ.”

“కూర్చుంటే ఫెయిల్ చేస్తారు మేడం. ఇంకో గంటన్నరే. నాకేం లేదు, చక్కగా ఉన్నా. అమ్మ ఎంతంటోంది?”

“అమ్మ—”

ఆదెమ్మ చేయి లేచింది. వచ్చి ఇందుమతి మణికట్టు పట్టుకుంది. మిర్చి తొడిమలు తీసి తీసి గట్టిపడిన వేళ్లు అవి. ఆమె ఫోన్‌ను తన నోటి దగ్గరికి లాక్కుంది. గొంతులోకి ఎక్కడి నుంచి తెచ్చిందో, మామూలు మాట వచ్చింది.

“రెండే పాపా. నిలబడు.”

“చూశారా మేడం!” అంది ప్రవళిక. “ఆ, ఎవరమ్మా పిడుగురాళ్ల దిగేది, ముందుకు రండి, ముందుకు రండి...” ఫోన్ ఆగిపోయింది.

ఇందుమతి మళ్లీ చేసింది. ఎత్తలేదు. డిపోకు చేసింది. వాళ్లు ఇన్‌స్పెక్టర్ నంబరు వెతుకుతామన్నారు. చిట్టిబాబు తల పట్టుకుని కూర్చున్నాడు. సుగుణ ఆదెమ్మ అరికాళ్లు రుద్దుతోంది. ఇందుమతి ఇక ఆలోచించలేదు, పట్టీ తీయడానికి మెడ కిందికి చేయి పోనిచ్చింది.

“తియ్యబాకమ్మా” అంది ఆదెమ్మ. “నీకు పుణ్యముంటది. ఇంకో గంట.”

అని, కళ్లు తెరిచింది.

ముందు ఆమె కనుబొమల మధ్య ముడి విడిపోయింది. తర్వాత భుజాలు దిగాయి. ఒక ఊపిరి లోపలికి తీసుకుని వదిలింది. చేయి పైకెత్తి చూసుకుంది. వేళ్లు ముడిచి తెరిచింది. ఎవరి సాయం లేకుండా బల్ల మీద లేచి కూర్చుంది. కాళ్లు కిందికి వేలాడేసింది.

“పోయింది” అంది. “చేత్తో తీసేసినట్టు పోయింది.”

ఇందుమతి పట్టీ ఇంకా తీయలేదు.

ఆమె, ప్రవళిక ఒంట్లోంచి వచ్చే కబురును గీతగా చూపే కంప్యూటర్ తెర వైపు తిరిగింది. ప్రవళిక పట్టీ ఊడితే తెర బీప్‌మంటుంది. బీప్ రాలేదు. నెట్‌వర్క్ పోతే ఎర్ర దీపం వెలుగుతుంది. వెలగలేదు. పట్టీ ఉన్నచోటే ఉంది, తెర మీద గీత మాత్రం నేలబారుగా పోతోంది.

“డాక్టరమ్మా, నీ పట్టీ గొప్పది” అంటోంది ఆదెమ్మ. బల్ల దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుంది. “నా బిడ్డకి నయమైపోయింది. చిట్టిబాబూ, చూశావా? నువ్వు గూడా అరవకుండా మోస్తే నీ పెళ్లానికీ పోయిద్ది ఇట్టా.”

చిట్టిబాబు ఇందుమతి మొహంలోకి చూశాడు.

ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఇందుమతి గది బయటికి వెళ్లి ఎత్తింది. బస్సు డ్రైవర్. పిడుగురాళ్ల స్టాండులో బస్సు ఆపానని, టిక్కెట్ కొడుతూ కొడుతూ ఆ అమ్మాయి ముందుకు ఒరిగిపోయిందని, నవ్వుతూనే ఉందని, జనం కిక్కిరిసి నిలబడటంతో కింద పడలేదని, అందుకే కాసేపు ఎవరికీ తెలియలేదని చెప్పాడు. ఎదురుగా ఉన్న ఆసుపత్రికి మోసుకెళ్లామన్నాడు. అక్కడి డాక్టర్ చూశాడన్నాడు. ఆ తర్వాత డ్రైవర్ ఏడ్చాడు.

ఇందుమతి వరండాలోంచి వెనక్కి తిరిగింది. పరాంకుశం తన గది తలుపు తీసి, “అంకె ఎంత వచ్చింది?” అని అడిగాడు. ఆమె అతన్ని దాటుకుని నడక గదిలోకి వెళ్లింది.

ఆదెమ్మ మొహం కడుక్కుని వచ్చింది. కుర్చీలో కూర్చుని, సంచిలోంచి స్టీలు గిన్నె తీసి మూత విప్పింది.

“పదిరోజులైందమ్మా అన్నం సయించి. ఒకటే ఆకలి ఇప్పుడు. ఎవరు ఫోను, ప్రవళికేనా? మాచర్ల చేరిందంటనా?”

ఇందుమతి మొహం చూడగానే విషయం అర్థమైన సుగుణ ఏడుస్తూ పక్కకు తిరిగింది. చిట్టిబాబు లేచి బయటికి వెళ్లిపోయాడు. ఇందుమతి ఆమె ఎదురుగా కూర్చుంది. చెప్పాల్సిన మాట నోట్లో ఉంది.

“తినండి” అంది.

“నువ్వు తిన్నావా? ఇందా, ఒక ముద్ద. ఇవాళ తినాల్సిన రోజు.”

ఆదెమ్మ అన్నంలో పప్పు కలిపి, ముద్ద చేసి, ఇందుమతి నోటికి అందించింది. చేయి వణకలేదు.

ఇందుమతి నోరు తెరిచింది.